భ్రమరాంబగారి ఎర్ర పడవ

2024 మే నెల. నూజివీడులో ఆ నెలంతా మామిడికాయలదే రాజ్యం. రోడ్డెక్కితే కాయల ట్రాక్టరు వెనక ఓపిగ్గా పోవాల్సిందే, ఎవరింటికి వెళ్ళినా మంచం కింద రసాలు మాగుతూ ఉంటాయి. అలాంటి ఊళ్ళో నాది వీడియో గేమ్‌ల షాపు. బస్టాండుకి దగ్గర్లో, మందుల కొట్టు మీద మేడ. టీవీకి తగిలించి ఆటలాడుకునే పెట్టెని కన్సోల్ అంటారు. అవి అమ్ముతాను, పాతవి కొంటాను, పాడైతే బాగుచేస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. హాయిగా కాయల కమీషన్ చేసుకోక ఈ పిల్లలాటల వ్యాపారమేంటని మా బాబాయి ఇప్పటికీ సణుగుతుంటాడు.

ఈ వ్యాపారంలో ఈమధ్య వచ్చిన కొత్త సందడి రీ-రిలీజ్‌లు. అంటే మా చిన్నప్పటి ఆటల్ని కంపెనీలు మళ్ళీ బయటికి తీసి కొత్త కన్సోళ్ళ మీద అమ్మడం. ఇప్పుడు క్యాసెట్లు, డిస్కులు అక్కర్లేదు. కన్సోల్లోనే డౌన్‌లోడ్ స్టోర్ అని ఒక అంగడి ఉంటుంది. అందులో ఆట కొంటే నెట్ ద్వారా మన పెట్టెలోకి దిగిపోతుంది. ఈ పాత ఆటల పేరు చెప్పగానే నలభై దాటిన మగాళ్ళు చిన్నపిల్లలైపోయి మా మెట్లెక్కి వస్తారు. ఆడవాళ్ళు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చిన భ్రమరాంబగారే మొదటివారు.

"రెడ్ బోట్ మళ్ళీ వచ్చిందటగా అండీ?" అన్నారు, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరకుండానే.

నలభై పైన ఉంటుంది వయసు. చేతికి మామిడి సొన పడి కాలిన మచ్చలు. తోట పనిలో ఉన్న మనిషని చూడగానే తెలుస్తోంది. పిల్లల కోసం అడుగుతున్నారేమో అనుకుని, వచ్చిందండీ, బాబుకా పాపకా అన్నాను.

"నాకే," అన్నారావిడ.

ఆ ఆట తెలియని వాళ్ళకి చెబుతాను. చిన్న ఎర్ర పడవ ఒకటి నదిలో పోతూ ఉంటుంది. బటన్ నొక్కితే ఎగురుతుంది. బండలు, మొసళ్ళు, సుడిగుండాలు తప్పించుకుంటూ పోవాలి. చివరి లెవెల్ జలపాతం. పైనుంచి దుంగలు పడుతుంటే పడవ ఒక దుంగ మీంచి ఇంకో దుంగ మీదకి ఎగురుతూ పైకెక్కాలి. మూడు పడవలు పోతే మళ్ళీ మొదటికే. మా తరంలో దాన్ని పూర్తి చేసినవాణ్ణి నేను చూడలేదు. నేనూ చేయలేదు, కానీ ఆ మాట షాపులో ఎవరికీ చెప్పను.

"నేను పూర్తి చేశానండీ, పదమూడేళ్ళప్పుడు," అన్నారు భ్రమరాంబగారు.

నాకు నవ్వొచ్చింది. వ్యాపారంలో రోజూ వినే కోతలకి వచ్చే నవ్వే అది. ఆవిడ ముఖం మాడిపోయింది.

"మీరూ నవ్వారా," అన్నారు.

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పారు సంగతంతా. ఆవిడ పుట్టిల్లు మైలవరం, వీడియో గేమ్ వాళ్ళ అన్నయ్య కృష్ణారావుగారిది. ఆయన క్రికెట్‌కి పోయిన ఒక మధ్యాహ్నం ఈవిడ ఒంటరిగా కూర్చుని ఆట చివరంటా ఆడేశారు. పరుగెత్తుకెళ్ళి అందర్నీ పిలుచుకొచ్చేసరికి కరెంటు పోయింది. ఆ తర్వాత క్యాసెట్టూ పాడైంది. అప్పట్నుంచి ఇంట్లో ఆవిడ ఏం చెప్పినా, "ఆఁ, వీడియో గేమ్ గెలిచినదానివి, నీకు తెలీందేముంది!" అనడం అన్నయ్యకి అలవాటైపోయింది. ఆయన్ని చూసి వదిన, బంధువులు, పాలేర్లు కూడా.

"చిన్నప్పుడు సరదాగానే ఉండేదండీ. ఇప్పుడు లేదు," అన్నారావిడ.

నాన్నగారు అన్నాచెల్లెళ్ళిద్దరికీ కలిపి రాసిన మామిడి తోట ఒకటుంది. మా వైపు చాలామంది పూత మీదే తోట అమ్మేస్తారు. కాయ పడకముందే వ్యాపారి వచ్చి, పూత చూసి, కాపంతా కొనేసుకుంటాడు. తర్వాత గాలివానొచ్చినా, చెట్టు విరగ్గాసినా అతని అదృష్టం. కృష్ణారావుగారు ఏటా అలాగే ఇచ్చేస్తారు. ఈసారి పూత నిలబడేలా ఉంది, అమ్మొద్దు, మనమే కోసి బాక్సులు కట్టి అమ్ముదామని ఈవిడ అన్నారు. వీడియో గేమ్ మాటే జవాబుగా వచ్చింది. తోట ఇచ్చేశారు. తీరా చూస్తే కొమ్మలు వంగిపోయేలా కాసింది. వ్యాపారి మనుషులు లోడ్ల మీద లోడ్లు ఎత్తుకుపోతుంటే ఈవిడ గట్టు మీద నిలబడి చూశారు.

"ఆ రోజు గట్టిగా పోట్లాడానండీ. దానికి అన్నయ్య ఏమన్నాడో తెలుసా? నా కళ్ళముందు ఆ గేమ్ పూర్తి చెయ్, వచ్చే పూతకి నువ్వెలా చెప్తే అలాగే చేద్దాం అన్నాడు, పదిమందిలో. ఆ గేమ్ ఇంకెక్కడా దొరకదని ధీమా. నిన్న ఫోన్లో చూశాను, మళ్ళీ వచ్చిందని. ఆదివారం రమ్మని చెప్పేశాను."

నాకు ఒంట్లో ఎక్కడలేని హుషారు పుట్టింది. ఇరవై ఏళ్ళలో ఒక ఆట మీద తోట సంగతి తేలడం నేనెక్కడా వినలేదు. అప్పటికప్పుడు షాపు కన్సోల్లో రెడ్ బోట్ దించి, పెద్ద టీవీ పెట్టి, బటన్లుండే కంట్రోలర్ చేతికిచ్చాను. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని ముందుకి వంగి కూర్చున్నారు.

మొదటి మలుపులోనే పడవ బండకి గుద్దుకుంది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. విచిత్రమేంటంటే నది ఆవిడకి కంఠతా వచ్చు. "ఇప్పుడు ఎడం పక్క మొసలి వస్తుంది, తర్వాత రెండు బండలు," అని ముందే చెబుతున్నారు, చెప్పినట్టే వస్తున్నాయి. బటన్ మాత్రం ప్రతిసారీ రవ్వంత ఆలస్యంగా నొక్కుతున్నారు. నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను. కొత్త టీవీల్లో ఇన్‌పుట్ ల్యాగ్ అని ఒక జబ్బుంటుంది. బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి టీవీ కొంచెం ఆలస్యం చేస్తుంది. దానికి మందు గేమ్ మోడ్. అది పెట్టాను. వైర్‌లెస్ తీసేసి వైరున్న కంట్రోలర్ ఇచ్చాను. మలుపు దాటారు, తర్వాతి మొసలికి దొరికిపోయారు.

"ఇది మా ఆట కాదండీ," అన్నారు చివరికి. "నది అదే, పడవ అదే. కానీ ఇది అది కాదు."

ఈ మాటంటే నాకు ఒళ్ళు మంట. బాగుచేసిన ప్రతి వస్తువుకీ ఎవడో ఒకడు వచ్చి ఇదే అంటాడు. "ఆట మారదమ్మా, మనమే మారతాం. ముప్పయ్యేళ్ళయింది కదండీ," అన్నాను కొంచెం దురుసుగానే.

ఆవిడ కంట్రోలర్ బల్ల మీద పెట్టేసి, "మా అన్నయ్యా ఇలాగే అంటాడు," అన్నారు. అయినా కన్సోల్ కొన్నారు. శనివారం ఇంటికొచ్చి బిగించి వెళ్ళమని చెప్పి మెట్లు దిగిపోయారు. ఆవిడ వెళ్ళాక నా మీద నాకే కోపం వచ్చింది. ఆవిడ ఆడుతుండగా ఫోన్లో వీడియో తీసుకున్నాను, దాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను. ఏమీ అంతుబట్టలేదు.

శనివారం పొద్దున్నే జి. కొండూరు దారి పట్టాను. వాళ్ళిల్లు ఆ ఊరి చివర. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో అత్తగారి వైపు చిన్న తోట కాయలు గుట్టగా పోసి ఉన్నాయి. భ్రమరాంబగారు వరిగడ్డి పరిచిన బాక్సుల్లో కాయలు సర్దుతున్నారు. ఒక కాయ తీయడం, తొడిమ చూడటం, పెట్టడం. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కూడా సర్దుతున్నారు గానీ ఈవిడ చేతి వరస వేరు. సన్నగా ఏదో కూనిరాగం తీస్తున్నారు, చేతులు ఆ రాగానికే కదులుతున్నాయి.

ఎక్కడో విన్న రాగం. ఒక్క క్షణం ఆలోచించి, "ఇది రెడ్ బోట్ పాట కదండీ!" అన్నాను.

"అవునండీ, జలపాతం పాట. కాయలు సర్దేటప్పుడు ఇదే వస్తుంది నాకు. అలవాటు," అన్నారు సిగ్గుపడుతూ.

ఆవిడకి వినిపిద్దామని సరదాగా ఫోన్ తీసి, నెట్‌లో అదే జలపాతం పాట వెతికి పెట్టాను. ఆవిడ దాంతో కలిసి అందుకున్నారు. మొదటి చరణం సగంలోనే ఫోన్‌లోని పాట ముందుకెళ్ళిపోయింది, ఆవిడ వెనకబడ్డారు. మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. మళ్ళీ అదే చోట విడిపోయింది.

"ఇదేంటండీ, ఎవరో తరుముతున్నట్టు పాడుతోంది?" అన్నారావిడ.

నేను అక్కడే కాయల గుట్ట పక్కన నేల మీద కూలబడ్డాను. "అమ్మా! మీరే కరెక్టు! మీరే కరెక్టండీ!" అని అరిచాను. షెడ్డులో ఆడవాళ్ళు నాకేమైందోనని పని ఆపి చూశారు.

సంగతి ఇది. ఈ ఆటలు తయారైన దేశాల్లో టీవీ బొమ్మ సెకనుకి అరవైసార్లు మారేది. మన దేశంలో పాత టీవీలు యాభైసార్లు మార్చేవి. మన ఊళ్ళలో అమ్మిన వీడియో గేమ్‌లు మన టీవీలకి తగ్గట్టు చేసినవి కాబట్టి, అందులో ఆట ఆరో వంతు మెల్లగా నడిచేది. పడవ మెల్లగా, మొసలి మెల్లగా, పాట మెల్లగా. మనకి వేరేది తెలియదు గనక అదే అసలు వేగమనుకున్నాం. ఇప్పుడు రీ-రిలీజ్‌లో వచ్చింది అవతలి దేశం వేగం. అంటే నూజివీడు, మైలవరం పిల్లలందరం ఒక ఆట ఆడితే, ప్రపంచం ఇంకో ఆట ఆడిందన్నమాట. భ్రమరాంబగారి చేతులు ముప్పయ్యేళ్ళుగా మన వేగాన్ని చెదరకుండా దాచుకున్నాయి. ఆలస్యంగా నొక్కింది ఆవిడ కాదు, తొందరగా వచ్చింది నది.

పరుగున ఇంట్లోకి వెళ్ళి కన్సోల్ బిగించాను. కొన్ని రీ-రిలీజ్‌ల ఆప్షన్లలో అట్టడుగున వెర్షన్ అని ఒకటుంటుంది. అందులో ఈ యాభై వేగం కూడా పెడతారు. విదేశాల్లో దాన్ని అందరూ తిట్టిపోస్తారు, నేనూ నా కస్టమర్లకి దాని జోలికి పోవద్దనే చెబుతాను. ఒక్కొక్కటే కిందికి జరిపాను. ఉంది! మార్చి, కంట్రోలర్ ఆవిడకిచ్చాను. పాట మొదలైంది. నాలుగు స్వరాలు విన్నారో లేదో, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదేనండీ. ఇదే మాది," అన్నారు. మొదటి మలుపు, మొసలి, రెండు బండలు, అన్నీ చకచకా దాటిపోయాయి.

ఆదివారం నేను షాపు మూసేశాను. మే నెలలో ఆదివారం షాపు మూస్తానంటే మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. నేను వెళ్ళేసరికి మైలవరం నుంచి కృష్ణారావుగారు, వాళ్ళావిడ దిగి ఉన్నారు. తెల్ల చొక్కా, నిండైన మనిషి, గొంతు పెద్దది. భ్రమరాంబగారి భర్త మాత్రం ఉదయం నుంచీ ఇన్వర్టర్ పక్కనుంచి కదల్లేదట, కరెంటు పోతే ఆయనే మోస్తారేమో అన్నట్టు నిలబడ్డారు.

నేను వేగం సంగతి చెప్పగానే కృష్ణారావుగారు సోఫాలో వెనక్కి వాలి నవ్వారు. "భలేవాడివయ్యా! మెల్లగా పెట్టుకుని ఆడితే నేనూ గెలుస్తాను. ఇది గెలుపెలా అవుతుంది?"

న్యాయమైన ప్రశ్నే. భ్రమరాంబగారు నా వైపు చూశారు. నాకు ఒకటే దారి తోచింది. కంట్రోలర్ తీసుకెళ్ళి కృష్ణారావుగారి చేతిలో పెట్టాను.

"మీరు కూడా ఆడినవారే కదండీ. రెండూ ఆడి చూడండి. మీ ఇంట్లో ఆడింది ఏదో మీరే చెప్పండి," అన్నాను.

ముందు వేగంగా నడిచేది పెట్టాను. పడవ మొదటి బండకే పోయింది. "అలవాటు తప్పిందిలే," అన్నారాయన. తర్వాత మెల్లగా నడిచేది పెట్టాను. పాట వినగానే ఆయన సోఫాలోంచి ముందుకి జరిగారు. మొదటి మలుపు దాటారు. మొసలి దాటారు. బొటనవేలు దానంతటదే కదులుతోంది, ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడుతోంది. రెండో లెవెల్ దాకా వెళ్ళి పడవ పోగొట్టుకున్నారు.

"ఇదేరా బాబూ," అన్నారు నెమ్మదిగా. "ఇదే మనది." తర్వాత తేరుకుని, చెల్లెలికి కంట్రోలర్ ఇస్తూ, "సరే ఆడమ్మా. కానీ ఆ వెనక్కి తిప్పే బటన్ ముట్టుకోకూడదు," అన్నారు. కొత్త రీ-రిలీజ్‌ల్లో రివైండ్ ఉంటుంది, తప్పు చేస్తే వెనక్కి తిప్పుకుని మళ్ళీ ఆడొచ్చు. ఆయన దాకా ఆ కబురు చేరిందని నేననుకోలేదు. ఆయన ఎదుటే దాన్ని ఆపేశాను.

భ్రమరాంబగారు మొదలుపెట్టారు. ఆ ఆట ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మొదటి లెవెళ్ళు ఆవిడ ఆడలేదు, నడిచి వెళ్ళిపోయారంతే. సుడిగుండాల దగ్గర ఒక పడవ పోయింది. వదినగారు 'అయ్యో' అని నోటికి చెయ్యి అడ్డుపెట్టుకున్నారు. మొసళ్ళ గుహలో ఇంకోటి పోయింది. జలపాతం దగ్గరికి వచ్చేసరికి మిగిలింది ఒక్కటే పడవ. నేను కూర్చోలేక లేచి నిలబడ్డాను.

దుంగలు పడటం మొదలైంది. ఆవిడ కూనిరాగం అందుకున్నారు, మొదట లోలోపల, తర్వాత పైకే. ఒక దుంగ, ఇంకో దుంగ, పడవ ఎగురుతోంది. సగం ఎత్తులో రెండు దుంగలు ఒకేసారి వచ్చాయి. నేనైతే ఏదో ఒకదాని మీదకి దూకేవాణ్ణి. ఆవిడ దూకలేదు. పాటలో ఒక విరామం ఉంది, ఆ విరామంలో బొటనవేలు ఎత్తి పట్టుకున్నారు. రెండూ పక్కనుంచి జారిపోయాయి. "ఆహా!" అని గదంతా అదిరేలా అరిచింది ఎవరనుకున్నారు? కృష్ణారావుగారే! ఆయన మోకాలి మీద తాళం వేస్తున్నారు, ఆ సంగతి ఆయనకే తెలియదు. "మెల్లగా... మెల్లగా చెల్లాయ్... ఇప్పుడు!" పడవ ఎగిరింది. ఆఖరి దుంగ. జలపాతం పైన సరస్సు, సరస్సు ఒడ్డున చిన్న ఇల్లు.

మేమందరం కేకలు పెట్టాం. భ్రమరాంబగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగండి. ఇంకా అవలేదు. ఇప్పుడు ఇంట్లో దీపం వెలుగుతుంది. తర్వాత పడవలోంచి ఆవు దిగుతుంది."

"ఆవేంటండీ!" అన్నాను నేను. అంత చిన్న పడవలో ఆవేంటి, మొత్తం ఆటలో ఎక్కడా ఆవు ఊసే లేదు.

ఇంట్లో దీపం వెలిగింది. పడవ ఒడ్డుకి ఆగింది. అందులోంచి తెల్లావు ఒకటి తాపీగా దిగి, తోకాడించుకుంటూ ఇంటి వైపు నడిచింది. ఇంత నదీ ఈదింది ఆవుని ఇంటికి చేర్చడానికా! నేను పగలబడి నవ్వాను, వదినగారూ నవ్వారు, భ్రమరాంబగారి భర్త ఇన్వర్టర్ వదిలేసి వచ్చి చప్పట్లు కొట్టారు.

కృష్ణారావుగారు నవ్వలేదు. టీవీ వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఆ రోజు కూడా ఆవనే చెప్పింది," అన్నారు. "ఇంటికొచ్చిన ప్రతివాడికీ, మా చెల్లెలికి పడవలో ఆవు కనబడిందట అని చెప్పి నవ్వించేవాణ్ణి. బడిలో కూడా చెప్పాను. తర్వాత్తర్వాత ఆవు మాట ఎత్తడం మానేసింది. నిజమేనమ్మా అది."

"నిజమే అన్నయ్యా," అన్నారావిడ. గెలిచినవాళ్ళ గొంతులా లేదది, అలసిపోయిన గొంతు.

భోజనాల దగ్గర ఆయన చెల్లెలి విస్తట్లో మామిడిపండు ముక్కలు తనే వేశారు.

ఆ కేసు తర్వాత నా పని పద్ధతి మారింది. కస్టమరు వచ్చి "ఇది అది కాదండీ" అంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండదు. వెంటనే పెట్టె విప్పి చూడను, వయసు మాట ఎత్తను. మీదెలా ఉండేదో చెప్పండి అని అడుగుతాను. చేతితో చూపించినా, పాడి వినిపించినా సరే, పూర్తిగా వింటాను. వస్తువులో ఏం తేడా ఉందో కొలవడానికి నా దగ్గర మీటర్లున్నాయి. మనిషికి ఏం గుర్తుందో తెలియాలంటే మాత్రం నోరు మూసుకుని వినడం తప్ప వేరే సాధనం లేదు. పెద్ద కంపెనీలు అచ్చం పాతదేనని చెప్పి అమ్మేవాటిని కూడా ఇప్పుడు ఒకసారి మన ఊరి వేగంతో సరిచూసుకుంటున్నాను.

ఆ ఏడాది చలికాలం చివర్లో, తోటలన్నీ పూత మీద ఉన్నప్పుడు, భ్రమరాంబగారు ఫోన్ చేశారు. కన్సోల్‌కి ఏమైనా అయిందా అని అడిగాను.

"ఏం కాలేదండీ. ఇవాళ వ్యాపారి వచ్చాడు. అన్నయ్య అతన్ని వాకిట్లో కూర్చోబెట్టి, లోపలికొచ్చి ఏం చేద్దామమ్మా అని నన్నడిగాడు. ఇవ్వొద్దు, మనమే కోద్దాం అన్నాను. సరేనని వెళ్ళి అతనికి అదే మాట చెప్పాడు."

"అంతేనా అండీ? ఇంకేం అనలేదా?" అన్నాను, ఆ వీడియో గేమ్ మాట ఎక్కడో ఒకచోట వచ్చే ఉంటుందని.

"ఏం అనలేదండీ," అన్నారావిడ. "నేను చెప్పింది విన్నాడు."